పిల్లి గద్దలు పడుకునేది ఒకచోట, తినేది ఇంకోచోట

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకు కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు గడ్డి మైదానం అంచున నిలబడితే మొదట్లో చూడ్డానికి ఏమీ ఉండదు. గడ్డి ఎండిపోయి, గాలికి ఒకవైపు వాలి ఉంటుంది. దూరంగా కృష్ణజింకల మంద ఒకటి మేస్తుంటుంది. నాలుగడుగులు వేస్తే ప్యాంటు నిండా గడ్డి ముళ్లే. పులి కోసం నల్లమల అంతా తిరిగొచ్చిన మిత్రుడొకడు నాతో వచ్చి, "దీన్ని అభయారణ్యం అంటారా? మా ఊరి బీడే నయం" అనేశాడు.

ఐదు దాటాక పొలాల వైపు నుంచి ఒక పక్షి వచ్చింది. మనిషెత్తు కంటే పైన ఎగరదది. రెక్కలు నాలుగైదుసార్లు ఆడించి, తర్వాత వాటిని కొంచెం పైకెత్తి పట్టుకుని, గాలిలో జారుతున్నట్టు వస్తుంది. దాని వెనకే ఇంకొకటి, కాసేపటికి మరో వైపు నుంచి రెండు. వచ్చినవి వచ్చినట్టు గడ్డిలోకి దిగవు. ముందు పక్కనే దున్ని వదిలేసిన చేలో, మట్టిపెళ్లల మధ్య కూర్చుంటాయి. మట్టిపెళ్ల ఏదో పక్షి ఏదో మామూలు కంటికి తెలియదు. బైనాక్యులర్‌లో చూస్తుండగా మట్టిపెళ్లకు తల తిరిగిందంటే అది పక్షి. పొద్దు గూకి వెలుగు పల్చబడ్డాక అవన్నీ ఒక్కసారిగా లేచి, గడ్డి మీద నాలుగు చుట్లు తిరిగి, కాళ్లు కిందికి వేలాడదీసి ఒక్కొక్కటీ దబ్బున గడ్డిలో మునిగిపోతాయి. ఆ తర్వాత అక్కడ పక్షులున్నాయని ఎవరికి చెప్పినా నమ్మరు. మా మిత్రుడు మాత్రం ఆ అరగంట నోరు మెదపలేదు.

ఈ పక్షిని ఇంగ్లీషులో హ్యారియర్ అంటారు. తెలుగులో పిల్లి గద్ద. ఈ పేరు ఇప్పుడెవరో కూర్చుని తయారుచేసింది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో, కొంతకాలం నెల్లూరులో కూడా, డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఆయన ఇక్కడి వేటగాళ్ల నోట విన్న పక్షుల పేర్లన్నీ రాసిపెట్టాడు. వాటిలో ఉందిది. తమిళంలోనూ దీన్ని పూనైప్ పరుందు, అంటే పిల్లి గద్ద అనే పిలుస్తారు. కారణం చూస్తే తెలిసిపోతుంది. మిగతా గద్దల్లా ఆకాశంలో తేలుతూ కిందికి చూడదు. పిల్లి గోడవారన నడిచినట్టు నేలనంటి, గట్టు వెంట ఒక సాలు పోయి, మళ్లీ పక్క సాలు వెంట తిరిగొస్తుంది. ఏదైనా కదిలితే గాల్లోనే గిరుక్కున మలుపు తిరిగి మీద పడుతుంది.

మన పాత వేటగాళ్లు మాంసాహార పక్షులను ఎంత దగ్గరగా గమనించారో వాళ్లు పెట్టిన పేర్లే చెబుతాయి. పాముల గద్ద, భైరి డేగ, లగడు, జాలె డేగ. తెల్లటి ఒంటితో, ఎర్రటి కళ్లతో కరెంటు తీగల మీద ఒంటరిగా కూర్చునే చిన్న గద్దకు పెట్టిన పేరైతే నాకు అన్నిటికంటే ఇష్టం: అడవి రామదాసు. ఇప్పుడు మనం వీటన్నిటినీ కలిపి గద్ద అనో డేగ అనో అనేస్తున్నాం. బడి పుస్తకంలో గ్రద్ద అని ఒకే బొమ్మ వేస్తారు.

పిల్లి గద్ద ముఖాన్ని దగ్గరగా చూస్తే అది గద్ద ముఖంలా ఉండదు, గుడ్లగూబ ముఖంలా ఉంటుంది. కళ్ల చుట్టూ ఈకలు పళ్లెంలా గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. అది చప్పుడును చెవుల వైపు మళ్లించే ఏర్పాటు. అమెరికాలో దీని దగ్గరి బంధువు మీద ప్రయోగాలు చేశారు. గడ్డిలో దాచిన స్పీకర్ నుంచి ఎలుక చప్పుడు వినిపిస్తే, ఎలుక కనపడకపోయినా ఆ పక్షి సరిగ్గా ఆ చోటికే గురిపెట్టగలిగింది. ఎత్తైన గడ్డిలో ఎలుక కంటికి ఆనదు కాబట్టి చెవే దిక్కు. అంత కిందుగా, అంత నెమ్మదిగా ఎగరడం కూడా అందుకే. వేగంగా పోతే సొంత రెక్కల గాలికే చెవులు మూసుకుపోతాయి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలు ఆడించే చిన్న డేగ, కెస్ట్రెల్, ఎలుకల మూత్రం జాడల్ని అతినీలలోహిత కాంతిలో చూస్తుందని 1995లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రకటించారు. ఆ కథ ఎంత అందంగా ఉందంటే నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. తర్వాత ఈ పక్షుల కళ్లను కొలిచి చూసిన వాళ్లు, వాటి కంటి కటకం అతినీలలోహిత కాంతిని చాలావరకు లోపలికి రానివ్వదని చెప్పారు. ఇప్పుడు చెప్పడం మానేశాను.

మన దగ్గరికి వచ్చే పిల్లి గద్దలు చాలావరకు చలికాలపు చుట్టాలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి, మార్చి, ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతాయి. వీటి పుట్టిల్లు మధ్య ఆసియాలోని గడ్డి భూములు, ముఖ్యంగా కజకిస్తాన్, దాని పైనున్న రష్యా ప్రాంతాలు. అక్కడ చలికాలంలో నేలంతా మంచు కప్పేస్తుంది, ఎలుకలు దాని కిందికి పోతాయి, పురుగులు అసలే ఉండవు. బెంగళూరులోని అట్రీ సంస్థ పరిశోధకులు కొన్ని పక్షులకు ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే అవి మన దక్కను నుంచి బయల్దేరి కజకిస్తాన్ దాకా వెళ్లాయి. వీటిలో మాంటేగు అనే రకంలో మగదాని బరువు పావు కిలో చుట్టుపక్కలే. రెక్కలు చాపితే మాత్రం మీటరు దాటుతుంది. బరువు తక్కువ, రెక్క ఎక్కువ కాబట్టే రోజంతా గాలి మీద తేలుతూ వెతకగలదు.

రోళ్లపాడులో ప్రధానంగా కనిపించేవి రెండు రకాలు, మాంటేగు, పాలిడ్. చెరువుల దగ్గర తిరిగే మార్ష్ రకం కూడా వస్తుంటుంది. అది పెద్దది, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఆడదానికి తల మీద మీగడ రంగు టోపీ పెట్టినట్టుంటుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. మొదటి రెండింటితోనే తలనొప్పి. మగవైతే పర్వాలేదు. మాంటేగు మగది బూడిద రంగులో, రెక్క మీద అడ్డంగా ఒక నల్లని గీతతో ఉంటుంది. పాలిడ్ మగది దాదాపు తెల్లగా, రెక్క కొసన నల్లని మేకు దిగ్గొట్టినట్టు చిన్న మచ్చతో ఉంటుంది. కానీ వచ్చేవాటిలో చాలా భాగం ఆడవి, పిల్లవి. రెండు రకాల్లోనూ అవి గోధుమ రంగులోనే ఉంటాయి, తోక మొదట్లో తెల్ల పట్టీ ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లు కూడా వీటిని విడదీయలేక అన్నిటినీ కలిపి రింగ్‌టెయిల్ అనే ఒకే పేరుతో సరిపెట్టుకున్నారు.

పాలిడ్ ఆడదానికి మెడ చుట్టూ లేత రంగు కాలరు, దాని వెనక ముదురు పట్టీ ఉంటాయని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నిజమే. పొద్దు గూకే వేళ, దుమ్ములో, రెండు వందల మీటర్ల దూరంలో, తిరిగిపోతున్న పక్షి మెడ మీద కాలరు చూడాలి, అంతే తేడా. మొదటి రెండేళ్లూ నా నోట్‌బుక్‌లో ప్రతి పక్షికీ ధైర్యంగా ఏదో ఒక పేరు రాసేశాను. ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం, నాకంటే చాలా అనుభవం ఉన్న ఒకాయన పక్కన కూర్చుని లెక్కపెడుతుంటే చూశాను. ఆయన పేజీలో సగం పైగా 'గోధుమ రంగువి' అని మాత్రమే ఉంది. నా పాత నోట్‌బుక్ సంగతి ఆయనకు చెప్పలేదు.

గద్దలు చెట్ల మీద కదా పడుకోవాలి, ఇవి నేల మీద ఎందుకు పడుకుంటాయని అందరూ అడుగుతారు. ఇవి పుట్టిపెరిగిన చోట చెట్లు లేవు. గూడు పెట్టేది గడ్డిలో, నేల మీదే. పశ్చిమ యూరప్‌లో గడ్డి భూములు పోయాక ఇవి గోధుమ చేలల్లో గూడు పెట్టడం మొదలుపెట్టాయి. కోత మిషన్ల కింద పిల్లలు పడకుండా ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు గూళ్లు వెతికి కంచె కడతారు. అలాంటి పక్షికి చెట్టు కొమ్మ పరాయి చోటే.

మరి ఇన్ని పక్షులు ఒకేచోట ఎందుకు చేరతాయి? పగలంతా వేటి బతుకు వాటిదే, వేటలో ఒకదాన్ని చూస్తే ఇంకొకటి తప్పుకుని పోతుంది. రాత్రికి మాత్రం అన్నీ ఒకే గడ్డి తునక మీదికి వస్తాయి. దీనికి మూడు సమాధానాలున్నాయి. ఒకటి భద్రత. నేల మీద పడుకునే పక్షికి నక్క, అడవి పిల్లి, తోడేలు అన్నీ శత్రువులే. పది పక్షులుంటే ఏదో ఒకటి ముందుగా పసిగట్టి లేస్తుంది. రెండోది, 1973లో వార్డ్, జహావీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రతిపాదన. కలిసి పడుకునే చోటు ఒక రచ్చబండ లాంటిదని, నిన్న బాగా తిన్న పక్షి పొద్దున్నే ఎటు పోతుందో చూసి ఆకలిగా ఉన్నది దాని వెంట పడుతుందని. వినడానికి బాగుంటుంది, నిరూపించడం కష్టం. మూడోది మరీ సాదా సమాధానం. అలా పడుకోవడానికి పనికొచ్చే గడ్డి చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదు. నాకు మూడోదే ఎక్కువ బరువైనదిగా కనిపిస్తుంది. పొలాలు, రోడ్లు, మేపిన బీళ్లు పోగా మోకాలి ఎత్తుకు మించిన గడ్డి ఒక్కచోటే ఉంటే, ఊళ్లో ఒకే ఒక్క లాడ్జి ఉన్నట్టు, అందరూ అక్కడికే రావాలి.

ఆ లాడ్జిలో తెల్లవారాక మిగిలేది ఏమిటో ఒకసారి దగ్గరగా చూసే అవకాశం దొరికింది. అటవీ శాఖ అనుమతితో పనిచేస్తున్న వాళ్ల వెంట, పక్షులన్నీ వెళ్లిపోయాక గడ్డిలోకి వెళ్లాం. పక్షి పడుకున్న చోటు తెలిసిపోతుంది. పెద్ద పళ్లెమంత మేర గడ్డి అణిగి, అంచున తెల్లటి రెట్ట. ఒక పడకకూ ఇంకో పడకకూ మధ్య కొన్ని అడుగుల దూరం. ఆ పళ్లెంలో బొటనవేలంత బూడిద రంగు ఉండ ఒకటి ఉంటుంది. అరగని వెంట్రుకలు, ఎముకలు, పురుగుల పెంకులు కడుపులోనే ముద్దగా చేరితే పక్షి కక్కేసేదే ఈ ఉండ. కొంచెం నీళ్లలో నానబెట్టి, సూదితో విడదీస్తే నిన్నటి భోజనం లెక్క మొత్తం బయటికొస్తుంది. నేను చూసిన దానిలో పైకి బూడిద ముద్దలా ఉన్నది విప్పేసరికి అంతా మిడత కాళ్లు. రంపపు పళ్లున్న వెనక కాళ్లు, గట్టి దవడలు, రాగి రంగు రెక్క తునకలు. ఒక ఉండలో ఎన్ని మిడతలో చెప్పాలంటే దవడలు లెక్కపెట్టి రెండుతో భాగించాలట. మధ్యలో చిన్న పిట్టది ఒక ఈక, తొండది కాబోలు కొన్ని పొలుసులు. మిడుతూరు మండలంలో మిడతలు తినడానికి కజకిస్తాన్ నుంచి వచ్చిన పక్షి ఇది అని నవ్వుకున్నాం.

ఆ మిడతలు ఎక్కడివి అనే ప్రశ్న దగ్గరే ఈ వ్యవహారం చిక్కుముడి పడుతుంది.

రోళ్లపాడు అభయారణ్యం వైశాల్యం 6.14 చదరపు కిలోమీటర్లు. సుమారు 1,500 ఎకరాలు. ఇంత చిన్న చోటులో అన్ని పక్షులకు పగటి తిండి దొరకదు. నిజానికి పగలు లోపల తిరిగితే ఒకటో రెండో తప్ప పిల్లి గద్దలు కనపడవు. తెల్లవారకముందే లేచి కంచె దాటి పోతాయి. ఎక్కడికి పోతాయో పక్క ఊరి పెద్దాయన ఒకరు నాకు చెప్పారు. బైనాక్యులర్ పట్టుకుని గట్టు మీద కూర్చుంటే దగ్గరికొచ్చి, "ఏం నాయనా, దేని కోసరం చూస్తాండావు?" అని అడిగారు. పక్షుల సంగతి చెప్పాను. "అవా! పొద్దున్నే మా శనగ చేన్లోనే తిరుగుతాంటాయి. ఎలకల్ని పట్టకపోతాయి, మంచిదే" అన్నారు. పరిశోధకుల మ్యాపులూ అదే చెబుతాయి. పిల్లి గద్దకు అభయారణ్యం పడకగది మాత్రమే. వంటిల్లు మొత్తం బయట ఉంది: జొన్న, శనగ, పత్తి చేలు, బీళ్లు, గట్లు. పడకగదికి చుట్టూ కందకం తవ్వి, కాపలా పెట్టాం. వంటింటికి అలాంటి కాపలా ఏదీ లేదు.

వంటింట్లో ఏం మారిందో రైతులకు వేరే చెప్పక్కర్లేదు. శనగకు పచ్చ పురుగు, పత్తికి కాయ తొలిచే పురుగు, మందు కొట్టకపోతే పంట రాదు. మందు పడ్డ చేలో మిడతలు తగ్గుతాయి. తగ్గకుండా మత్తుగా పడి ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అవే పక్షికి సులువుగా దొరుకుతాయి. ఇది ఊహ కాదనడానికి అర్జెంటీనా ఉదాహరణ ఉంది. ఉత్తర అమెరికా గడ్డి భూముల్లో గూడు పెట్టే స్వైన్సన్ డేగ చలికాలానికి అర్జెంటీనా పోయి మిడతలు తిని బతుకుతుంది. ఈ పక్షులు ఎందుకు తగ్గుతున్నాయో ఎవరికీ అర్థం కాక, కొన్నింటికి శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంట వెళ్లారు. వెళ్లిన వాళ్లకు పొలాల్లో వేల కళేబరాలు కనిపించాయి. 1995-96లో ఆ ఒక్క సీజన్‌లోనే సుమారు 20,000 డేగలు చనిపోయి ఉంటాయని అంచనా వేశారు. మిడతల మీద కొట్టిన మందు మోనోక్రోటోఫాస్. మన పత్తి రైతులెవరికీ ఆ పేరు కొత్త కాదు. మన పొలాల్లో అలా గుట్టలుగా పిల్లి గద్దలు పడిపోయాయని నేను అనడం లేదు. పుట్టిన చోట ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నా, వేల కిలోమీటర్ల అవతల ఎవరి చేలోనో కొట్టిన మందు ఆ లెక్కను తలకిందులు చేయగలదని మాత్రం ఆ సంఘటనతో తేలిపోయింది.

పిల్లి గద్దలు తగ్గుతున్నాయా అంటే, తగ్గుతున్నాయనే చెప్పాలి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద పరిశోధన కోసం 1980ల్లో రోళ్లపాడులో ఏళ్ల తరబడి ఉన్నారు. అప్పటి లెక్కల్లో ఇక్కడ రాత్రి పడుకునే పిల్లి గద్దలు వందల్లో ఉన్నాయి. దేశంలోని అలాంటి చోట్ల పాత లెక్కలూ కొత్త లెక్కలూ ఒకచోట చేర్చి అట్రీ పరిశోధకులు 2018లో ఒక పత్రం ప్రచురించారు. చాలాచోట్ల సంఖ్య పడిపోయిందని, అలా పడిపోయిన వాటిలో రోళ్లపాడు ఒకటని అందులో తేలింది. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గరి వెళావదర్ ఇప్పటికీ పెద్ద పేరు. ఒకప్పుడు భావ్‌నగర్ రాజుల గడ్డి బీడు అది. శిక్షణ ఇచ్చిన చీతాలతో కృష్ణజింకల్ని వేటాడించేవారు. 1976లో నేషనల్ పార్కు అయింది, 34 చదరపు కిలోమీటర్లు. 1990ల చివర్లో అక్కడ ఒకే సాయంత్రం వెయ్యికి మించి పిల్లి గద్దలు దిగడం చూసి, ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవని లెక్క కట్టినవాళ్లు రాశారు.

అయితే ఈ లెక్కల్ని ఎలా చదవాలనేది ఇంకో చిక్కు. వానలు బాగా పడిన ఏడాది గడ్డి ఎదుగుతుంది, మిడతలు పెరుగుతాయి, పక్షులు ఆగిపోతాయి. కరువు ఏడాది అవి ఇంకాస్త దక్షిణంగా పోతాయి. ఒక చోట తగ్గాయంటే చచ్చిపోయినట్టూ కావచ్చు, ఇరవై కిలోమీటర్ల అవతల ఎవరూ చూడని బీడులో పడుకుంటున్నట్టూ కావచ్చు. లెక్కపెట్టడమే అంత సులువు కాదు. పక్షులు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి, కూర్చున్నవి లేచి మళ్లీ తిరుగుతాయి, ఎక్కువ భాగం చివరి పది నిమిషాల మసక చీకట్లోనే దిగుతాయి. ఒక్కో దిక్కుకు ఒక్కో మనిషి, చేతిలో గడియారం లేకపోతే లెక్క రెట్టింపు అవుతుంది. అందుకే ఒక సాయంత్రం వెళ్లొచ్చి "ఈసారి నలభై కూడా లేవు, అంతా అయిపోయింది" అని పోస్టు పెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినా తగ్గుదలే కనిపించడం మాత్రం కొట్టిపారేయలేని విషయం.

తప్పంతా కజకిస్తాన్‌దేమో అనీ అనుకోవచ్చు. అదీ అంత సూటిగా లేదు. 1954 తర్వాత సోవియట్ ప్రభుత్వం అక్కడి గడ్డి భూముల్ని కోట్ల ఎకరాల లెక్కన దున్నించి గోధుమ వేయించింది. 1991లో సోవియట్ కూలిపోయాక ఆ చేలల్లో చాలా భాగం వదిలేశారు, మళ్లీ గడ్డి మొలిచింది. అంటే పుట్టింట్లో పరిస్థితి ఒక దశలో మెరుగుపడింది కూడా. ఆ సమయంలోనే మన దగ్గర సంఖ్య పడిపోయిందంటే మన వైపు చూసుకోక తప్పదు.

మన వైపు చూసుకుంటే, గడ్డి భూమికి మన కాగితాల్లో పెద్దగా విలువ లేదు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో కేంద్ర ప్రభుత్వానికి బంజరు భూముల అట్లాసు తయారుచేసి ఇస్తుంది. చెదురుమదురు పొదలున్న నేల, మేత భూమి లాంటివి దానిలో బంజరు కిందికే వస్తాయి. బంజరు అంటే ఉపయోగం లేనిది, దేనికైనా వాడుకోవచ్చు అని అర్థం. మన ఊళ్లలో వీటికి వేరే పేర్లుండేవి: మేత పోరంబోకు, బంచరాయి, తెలంగాణలో అయితే కంచ. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి భూముల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు అందరూ చెట్ల గురించే మాట్లాడారు. ఆ పేరులోనే ఉన్న కంచ అనే మాట పశువుల మేతకు వదిలిన గడ్డి నేల అని చెబుతోందని ఎవరికీ తట్టినట్టు లేదు.

కర్నూలు ప్రాంతంలో ఏడాదికి పడే వాన 600-700 మిల్లీమీటర్లు. అందులోనూ ఎక్కువ భాగం మూడు నాలుగు నెలల్లోనే. ఇలాంటి చోట గడ్డే సహజంగా నిలబడుతుంది. చెట్లు నరికితే మిగిలిన ఖాళీ అనుకుని ఇక్కడ మొక్కలు నాటితే అడవి రాదు, గడ్డి మాత్రం పోతుంది. సర్కారు తుమ్మ దూరిందంటే ఇక చెప్పనక్కర్లేదు, ఐదేళ్లలో పిల్లి గద్ద దిగడానికి చోటుండదు. మొక్కలు నాటితే మంచిపని అని మనందరి మనసులో ఎంత బలంగా నాటుకుపోయిందంటే, ఒక గడ్డి బీడులో మొక్కలు నాటొద్దని ఒకసారి నేను అన్నందుకు కొందరు నన్ను ప్రకృతి ద్రోహిని చూసినట్టు చూశారు.

రోళ్లపాడుకు కొద్ది దూరంలోనే గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కల్లా పూర్తయింది. దాదాపు 5,900 ఎకరాలు. అభయారణ్యానికి ఇంచుమించు నాలుగింతలు. కరెంటు కావాలి, బొగ్గు తగలబెట్టడం కంటే ఇది మేలే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు మ్యాపులో ఆ నేల ఖాళీగా కనిపించడం వెనక ఆ అట్లాసు లాంటి లెక్కలే ఉంటాయి. ఖాళీ అని రాసి ఉన్న చోట పక్షి ఉందని ఎవరు వెతుకుతారు?

లోపలి సంగతి కూడా తిన్నగా లేదు. రోళ్లపాడును 1988లో అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. ఆ పక్షి ఇప్పుడు అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. దానికి పొట్టి గడ్డి కావాలి, దూరం నుంచి చుట్టూ చూసుకోగలిగేంత. పిల్లి గద్దకు ఒళ్లు దాచుకునేంత ఎత్తు గడ్డి కావాలి. పశువుల్ని పూర్తిగా ఆపేస్తే గడ్డి ఒకేలా గుబురుగా ఎదుగుతుంది, బట్టమేకకు నచ్చదు. విచ్చలవిడిగా మేపితే పిల్లి గద్దకు పడక పోతుంది. అక్కడక్కడా మేత, అక్కడక్కడా ఎత్తు గడ్డి ఉంచాలంటే గొర్రెల కాపరులతో కూర్చుని మాట్లాడుకోవాలి, ఏ తునక ఈ ఏడాది మేపాలి, ఏది వదలాలి అని. కాపలా పెట్టడం కంటే అది చాలా ఓపికైన పని. పైగా మధ్యలో కృష్ణజింకలు పెరిగి పక్క చేలల మీద పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం అంటేనే ఒళ్లు మండటం మొదలైంది. పిల్లి గద్ద భోజనం చేసేది ఆ రైతు చేలోనే.

చూడాలనుకుని వెళ్లే వాళ్లకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ చాలు, పది రెట్లది చీకటి పడే వేళ చేతుల్లో వణుకుతుంది. నాలుగు గంటలకల్లా వెళ్లి ఒకచోట కుదురుకోండి, గడ్డికి కనీసం వంద మీటర్ల దూరంలో, పడమర వైపు వీపు పెట్టి. దిగిన పక్షుల్ని ఫొటో కోసం లేపొద్దు. ఆ చీకట్లో వాటికి వేరే పడక దొరకదు. తిరిగి వచ్చేటప్పుడు హెడ్‌లైట్లు గడ్డి వైపు తిప్పొద్దు. అంతా దిగిపోయాక ఇంకో పది నిమిషాలు ఆగితే కొన్ని సాయంత్రాలు ఒక బహుమానం దొరుకుతుంది. అదే గడ్డిలో పగలంతా పడుకున్న పొట్టి చెవుల గుడ్లగూబ లేచి, పిల్లి గద్దలాగే నేలనంటి, అదే సాళ్ల వెంట, అదే తరహా ముఖంతో వేటకు బయల్దేరుతుంది.

నాకైతే సాయంత్రం కంటే తెల్లవారుజామే ఎక్కువ నచ్చుతుంది. పోయిన ఏడాది జనవరిలో మంచు పట్టిన ఒక పొద్దున ఆరింటికి గట్టు మీద కూర్చున్నాను. పక్షులు గడ్డిలోంచి లేచేటప్పుడు రాత్రి దిగినంత హడావిడి ఉండదు. ఒక్కొక్కటీ లేచి, ఒళ్లు విదిల్చుకుని, కందకం మీదుగా బయటికి పోతుంది. ఏడింటిని కళ్లతో వెంబడించాను. రెండు మంచులో కలిసిపోయాయి. మిగతా ఐదూ శనగ చేల వైపు తిరిగాయి. అక్కడ గట్టు మీద ఒకాయన డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలుపుతున్నాడు. గోధుమ రంగు పక్షి ఒకటి ఆయన తల మీదుగా పోయి, సాలు మొదట్లో కిందికి దిగి, వెతకడం మొదలుపెట్టింది.